ఆడ అనే ఫోల్డరు

కర్నూలులో జావా అప్లికేషన్లు రాసేవాళ్లలో నేనే మొనగాణ్నని చాలాకాలం చెప్పుకొని తిరిగాను. నా ప్రోగ్రాము ఒకటి కరెంటు పోయాక కూడా అరగంట నడిచిందని చెబితే నమ్మినవాళ్లున్నారు. కోసిగి వైపు నీళ్ల ట్యాంకర్లు తోలే ఒకాయన అట్లా నమ్మినవాడే. జనం ఫోన్లోనే ట్యాంకరు బుక్ చేసుకునే వెబ్ అప్లికేషన్ నా చేత రాయించుకొని, తన షాపులోని కంప్యూటరులో పెట్టుకున్నాడు.

బుకింగులు ఏ డేటాబేసులోకి పోవాలో చెప్పే చిన్న ప్రాపర్టీస్ ఫైలు ఒకటి ఉంటుంది. మొదట్లో దాన్ని అప్లికేషనుతో పాటు వార్ ఫైలనే ఒకే మూట లోపలే కట్టి పంపేవాణ్ని. ఆయన అందులో అసలు డేటాబేసు పేరు దిద్దుకునేవాడు. నేను కొత్త వార్ పంపగానే ఆ దిద్దుబాటు కొట్టుకుపోయి, పరీక్షల కోసం పెట్టుకున్న ఉత్తుత్తి డేటాబేసు పేరు వచ్చి కూర్చునేది. అందుకని ఫైలును బయట వేరే ఫోల్డరులో పెట్టించాలనుకున్నాను. సర్వరును మొదలుపెట్టే స్క్రిప్టులో ఆ ఫోల్డరు పేరు ‘సెట్టింగ్స్’ అని రాసి పంపాను; అప్లికేషన్ ఆ పేరున్న ఫోల్డరులోనే ఫైలును వెతుకుతుంది. అక్కడితో ఆగలేదు. బయట ఫైలు దొరక్కపోతే చప్పుడు చేయకుండా లోపలిదే చదువుకొమ్మని కూడా రాశాను. అదీ నా తెలివి.

ఆయన ఫోన్ చేశాడు. వెనక మోటారు రొద.

“ఫోల్డరు చేస్తాండా. పేరేం పెట్టల్లప్పా?”

ఆ రొదలో నాకు ‘యాడ పెట్టల్ల’ అని, ఎక్కడ పెట్టాలని అడిగినట్టు వినపడింది. “సర్వరు పక్కనే. ఆడ పెట్టన్నా.”

“ఆడ?”

“ఆ, ఆడనే.”

“సరేప్పా, నీ పేర్లూ నువ్వూ!” అని నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా నేనూ నవ్వాను.

ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఆడ’ అని ఫోల్డరు చేసి ఫైలు అందులో వేశాడు. ‘సెట్టింగ్స్’ దొరక్క అప్లికేషన్ చప్పుడు లేకుండా లోపలి ఫైలే చదువుకుంది. మూడు రోజుల కొత్త బుకింగులన్నీ ఉత్తుత్తి డేటాబేసులోకి పోయాయి. రోజూ వాడుకగా నీళ్లు పోయే ఊళ్లు అసలు జాబితాలో ఉండనే ఉన్నాయి కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. కొత్తగా చేరిన ఒక వీధి మాత్రం అందులో లేదు. బోరు ఎండిపోయి, ట్యాంకరు వస్తే ఊళ్లోనే ఉందాం, లేకుంటే వలస పోదాం అనుకున్న వీధి అది.

పేజీ అడుగున నా నంబరు ఉండేది. ఆ వీధి నుంచి ఒకామె ఫోన్ చేసింది.

“సారూ, బుక్కయినాదని ఫోన్లో ఉండాది. మూడు దినాల్నుంచి బిందెలు రోడ్డు మీదనే ఉండాయి. ట్యాంకరు యాడుండాది?”

“వస్తాందమ్మా” అన్నాను. అలవాటైన నోరు.

“మీరే తోలుతాండారా?”

“లేదమ్మా, నేను కంప్యూటరు పని...”

“మరి వస్తాందని ఎట్ల చెప్తాండారు?”

మరునాడు బస్సెక్కి కోసిగి పోయాను. కంప్యూటరు తెరిచి, ‘ఆడ’ అనే ఫోల్డరు చూపించి, “ఇదేందన్నా?” అన్నాను.

“నువ్వు చెప్పిన పేరే కదప్పా!”

ఫోల్డరు పేరు మార్చాను. ఫైలు దొరక్కపోతే అప్లికేషన్ మొరాయించి ఆగిపోయేలా దిద్దాను. ఆయన అప్పటికప్పుడు ఆ వీధికి ట్యాంకరు తోలించాడు. మధ్యాహ్నానికి అది నిండుగానే తిరిగొచ్చింది. డ్రైవరు చెప్పింది విని ఆయన నా దగ్గరికొచ్చాడు.

“ఇండ్లన్నిటికీ తాళాలేసినారంటప్పా. పొద్దున్నే గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోయినారంట, పిల్లోళ్లతో సహా.”

“ఆ వీధి బుకింగులు అసలు డేటాబేసులోకి మార్చమంటావా?”

“ఎవురికప్పా?” అన్నాడు.

ఆ వీధివాళ్ల పేర్లు తెర మీదే ఉన్నాయి. వాటిని కదిలించకుండా, అప్లికేషన్ బయటి ఫైలును సరిగ్గా చదువుతోందో లేదో ఇంకోసారి చూశాను. చదువుతోంది.