కాల్చేశామని చెప్పిన బొంతలు

తొంభైల్లో నేను అరకు దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని. ఒక చలికాలం పిల్లలందరికీ గజ్జి పట్టుకుంది. డాక్టరు వచ్చి చూసి, పాత పక్కబట్టలన్నీ తగలబెట్టమన్నాడు. కొత్త దుప్పట్లు అప్పటికే స్టోరులో ఉన్నాయి. పిల్లలు ఊళ్ళ నుంచి తెచ్చుకున్న బొంతలన్నీ వరండాలో పోగు పెట్టించాను.

ఆరో తరగతి పిల్ల ఒకతె తన బొంత వదల్లేదు. తండ్రి లుంగీ, తల్లి పాత చీరలు కలిపి ఎర్రదారంతో కుట్టినది. దారం చాలక చివర జానెడు మేర నల్లదారం.

"మా అమ్మ కుట్టింది మేడమ్. కాల్సేయకండి. ఉడకబెట్టేస్తాను."

"కొత్త దుప్పటి ఇస్తున్నాం కదే!" అని లాక్కున్నాను.

అప్పుడే ఆ కుట్టు కళ్ళబడింది. అంత సన్నటి కుట్టు మా ఇళ్ళలో ఎవరి చేతిలోనూ చూడలేదు. మిగతావి పెరట్లో కాలుతుంటే, ఆరు బొంతలు ఏరి నా క్వార్టర్స్‌కి పంపించుకున్నాను. ఆ పిల్ల చెప్పినట్టే ఉడకబెట్టి, ఆరేసి, ట్రంకుపెట్టెలో దాచాను. పిల్లలతో మాత్రం అన్నీ కాల్చేశామనే చెప్పాను.

నా సేకరణ అలా మొదలైంది. తర్వాత సంతల్లో, ఊళ్ళలో చాలా కొన్నాను. కానీ ఏళ్ళ తర్వాత విశాఖపట్నంలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు, గుమ్మానికి ఎదురుగా వేలాడదీసింది ఆ ఎర్రదారం బొంతనే. వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి నన్ను మెచ్చుకున్నారు.

రెండో రోజు ఒక నర్సు వచ్చింది. నల్లదారం మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. ముఖం చూసి గుర్తుపట్టాను.

"ఇది నాదే కదండీ మేడమ్? కాల్సేసేమన్నారు."

పక్కనే అతిథులున్నారు. "లేదమ్మా, సంతలో కొన్నాను" అన్నాను.

ఆమె వాదించలేదు. "మా అమ్మ పోయిందండి" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

సందర్శకుల పుస్తకంలో తను పనిచేసే ఆస్పత్రి పేరు రాసింది. వారం ఆగాను. ఎందుకు ఆగానో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత బొంత తీసుకుని ఘాట్ రోడ్డు బస్సెక్కాను. వార్డు బయట ఆమె చేతికిచ్చి, "నీదేనమ్మా. అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆమె విప్పి చూడలేదు. చంకలో పెట్టుకుని, "ఇంకెన్ని ఉంచేసేరండీ?" అంది.

"అయిదు."

"అవి ఎవరివి?"

నాకు తెలియదు. ఆ రోజు కుట్లు చూశాను గాని, ఏది ఎవరిదో చూడలేదు. ఆమె "లోపల పేషెంట్లున్నారండి" అని వెళ్ళిపోయింది.

తిరుగు బస్సు వచ్చేదాకా అక్కడే బెంచీ మీద కూర్చుని ఆ ఏడాది పిల్లల పేర్లు గుర్తుచేసుకోవాలని చూశాను. ఏడెనిమిది దాటలేదు.