విసురువలలో నేనూ, ఓ నల్లకుక్కా

మా ముత్తాతగారు పెంటపాడు ప్రాంతంలో మూడు గ్రామాలకు మునసబు. ఆయన వీధిలోకి వస్తే ఎడ్లబండ్లు పక్కకు తొలగేవట. మా తాతగారు గుర్రబ్బండిలో తాడేపల్లిగూడెం వెళ్ళి రైలెక్కేవారు. రైలు ఆయన కోసమే ఆగేదని మా ఇంట్లోవాళ్ళు చెబుతారు. అక్కడ స్టేషను ఉంది కాబట్టి ఆగేదని బయటివాళ్ళు చెబుతారు. అలాంటి వంశంలో పుట్టిన నేను కొల్లేటి గట్టు మీద ఒక కుక్కతో కలిసి ఒకే వలలో దొర్లాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి.

నేను పశువైద్యం చదివి, ఆ పైన ప్రజారోగ్యంలో ఇంకో డిగ్రీ చేశాను. పశువుల జబ్బులు మనుషులకు అంటకుండా చూడటం నా పని. ఇది మా చుట్టాలకు ఒక పట్టాన అర్థం కాలేదు.

"ఇంతకీ అబ్బాయి చూసేది మనుషుల్నా, గేదెల్నా?" అని మా పెద్దమ్మ అడిగేది.

"రెంటికీ మధ్యలో నిలబడతాడు" అని మా నాన్నగారు గంభీరంగా చెప్పేవారు.

ఏలూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొల్లేటి ఊరి నుంచి కబురొచ్చింది. ముందురోజు పిచ్చికుక్క ఒకటి మార్తమ్మ గారనే పెద్దావిడ చేతిని కరిచి, తర్వాత చచ్చిపోయింది. ఊళ్ళో మిగిలిన కుక్కలకు టీకాలు వేయాలి. అంతకంటే ముందు ఆవిడను ఆసుపత్రికి పంపాలి. నేను వెళ్ళేసరికి ఆవిడ చేతికి పసరుకట్టు కట్టుకుని అరుగు మీద తీరిగ్గా కూర్చున్నారు.

"సూది వేయించుకోకపోతే ప్రాణానికే ప్రమాదమండీ. ఈ జబ్బు బయటపడ్డాక ఇక మందు లేదు" అన్నాను.

"తమరు ఏం డాక్టరండీ?"

"పశువైద్యమూ, ప్రజారోగ్యమూ..."

"పశువుల డాక్టరు గారన్నమాట. మా గేదె బాగానే ఉందండి."

"నేను మీ గురించి చెబుతున్నానండీ."

"నేనూ బాగానే ఉన్నానండి. బొడ్డు చుట్టూ పొడిపించుకునే ఓపిక లేదు నాకు."

"అది పాతకాలమండీ. ఇప్పుడు భుజానికే వేస్తున్నారు."

"మీకెప్పుడైనా పొడిచారేంటండీ?"

పొడిచారు. కాలేజీలో ముందుజాగ్రత్తకని వేశారు. సూది చూడగానే నేను నరికిన అరటిచెట్టులా పడిపోయాను. ఈ చరిత్ర ఆవిడకు చెప్పలేదు. ముందు కుక్కల దగ్గర నా నేర్పు చూపిస్తే, ఆవిడకు నా మాట మీద గురి కుదురుతుందనుకున్నాను.

కుక్కలు పట్టే మనిషి ఆ రోజు రాలేదు. ఎదురుగా గట్టు మీది చర్చి ఆవరణలో ఒక నల్లకుక్క నన్ను ఎగాదిగా చూస్తోంది. మార్తమ్మ గారి కొడుకు యేసుబాబు చేపలు పట్టే విసురువల తెచ్చాడు.

"నేనేస్తానుండండి సార్."

"ఇటివ్వు" అన్నాను.

"మీ వల్ల కాదండి బాబూ" అన్నారు మార్తమ్మ గారు.

ఆ మాట మా వంశంలో ఎవరూ వినలేదు. అనేవాళ్ళను అంత దగ్గరకు రానిచ్చేవాళ్ళు కాదు. వల చేతికి తీసుకున్నాను.

"చొక్కా విప్పండి సార్, గుండీలకు తగులుకుంటది" అన్నాడు యేసుబాబు.

మునసబుగారి మునిమనవడు నడివీధిలో చొక్కా విప్పుతాడా? విప్పలేదు. తాడు మణికట్టుకు కట్టుకుని, ఒక్క చుట్టు తిరిగి విసిరాను. వల గొడుగులా విచ్చుకుంది. కుక్క దానికిందకు వచ్చింది. వల నా చొక్కా మూడో గుండీకి తగులుకుని లాగడంతో వెనకే నేనూ వచ్చాను. వల అంచున ఉన్న సీసపు గుళ్ళు నెత్తిన టకటకా మోగాయి. కుక్క నా పిక్క పట్టుకుంది. జేబులోని టీకా సిరంజి నా చేతికందింది. అది నన్ను కరిచింది, నేను దాన్ని పొడిచాను. మా వంశంలో ఇంత దగ్గరి యుద్ధం ఎవరూ చేసి ఉండరు.

"ఒరే యేసుబాబూ, పెద్దదే పడింది, తాడు లాగరా" అన్నారు మార్తమ్మ గారు.

బయటపడి, బోరింగు దగ్గర సబ్బుతో పిక్కను చాలాసేపు కడుక్కున్నాను. ఆవిడ పక్కనే వచ్చి నిలబడ్డారు.

"మరి మీకు సూది?"

"చిన్న గాటేనండీ. రేపు చూద్దాం."

"సూది వేయించుకోకపోతే ప్రాణానికే ప్రమాదమని ఇందాక మీరే అన్నారు కదండీ." కాసేపు నా ముఖంలోకి చూశారు. "భయమాండీ?"

వెన్ను మాత్రం నిటారుగానే ఉంచాను.

"నాకూ అదేనండి" అన్నారు మెల్లగా. "పదండి, ఇద్దరం పోదాం."

ఆసుపత్రిలో ఆవిడ గాయం చుట్టూ మందు ఎక్కించి, భుజానికి సూది వేశారు. ఆవిడ కిమ్మనలేదు. తర్వాత నా వంతు వచ్చింది. కళ్ళు తెరిచేసరికి ఆవిడ పమిటతో విసురుతున్నారు. మిగతా సూదులకు ఒక్కరోజు కూడా తప్పకుండా వచ్చారు. నన్ను పట్టుకోవడానికి మనిషి కావాలిగా అనేవారు. ఈ కథ కొల్లేటి లంక ఊళ్ళన్నిటా పాకిపోయింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరిని కుక్క కరిచినా, బతిమాలే పని లేకుండా నేరుగా ఆసుపత్రికి వస్తున్నారు. మార్తమ్మ గారు నిక్షేపంగా ఉన్నారు. నా రెండు డిగ్రీలూ కలిసి సాధించిన మొదటి విజయం ఇదే. చరిత్రలో కుక్క పాత్రను నేను కాదనను.

సకల పూర్వీకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గుండీలున్న చొక్కాతో ఇక ఈ జన్మలో వల విసరను. చొక్కా విప్పే ప్రసక్తి ఎలాగూ లేదు.

అన్నట్టు, మా చుట్టాలకు అర్థం కాని ఆ రెండో డిగ్రీ ఫీజు కోసమే మా నాన్నగారు మాకు మిగిలిన ఆఖరి కొబ్బరితోట అమ్మేశారు.