దెబ్బకు పుట్టిన జోకు

మా పక్క దుకాణంలో టీవీలు బాగుచేసే చాచా మొన్న శుక్రవారం పోయారు. మట్టి ఇచ్చి వస్తూ జమ్మికుంట బస్టాండులో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల మీద ఒకడు నవ్వుతూ అన్నాడు: "టీవీ, పెండ్లాం ఒక్కటే. రెండు గుద్దితేనే దారికొస్తయ్."

మీరూ వినే ఉంటారు. ఆ మాట పుట్టించింది చాచాయే.

డబ్బా టీవీల కాలం. క్రికెట్ మ్యాచ్ నడుమ బొమ్మ గీతలైపోయింది. చాచా అరచేత్తో ఫట్మని ఒక్కటిచ్చారు. బొమ్మ కుదిరింది. ఆ ఊపులో నోరు జారారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేను. అప్పట్లో దుకాణం ఒక్కదానితో గడవక, చీరల మూటతో ఊరూరి వారపు అంగళ్లు తిరిగేవాణ్ణి. కబుర్లు లేనివాడి చీరలు వెలిసినట్టే కనిపిస్తాయి లెండి. ఆ జోకును చొప్పదండి నుంచి జైనూర్ దాకా మోశాను. చీరలు బేరమాడే ఆడవాళ్ల ముందే చెప్పాను. కొందరు నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఏడాది తిరగలేదు. ఎదురింటివాడు భార్యను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. గడపకు కొట్టుకుని ఆమె నుదురు పగిలింది. "బొమ్మొచ్చిందా? ఇంకోటియ్యాల్నా?" అంటూ తన్నాడు. గుంపులో ఎవడో నవ్వాడు కూడా.

చాచా ఉరికారు. "ఛోడ్ రే! విడువురా ఆమెను!"

"నువ్వు చెప్పిన మాటే గద చాచా!"

ఇనుప రాడ్ ఆమె తల మీదికి లేచింది. చాచా కుడిచెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు నా దుకాణం దాకా వినిపించింది.

దవాఖానలో నాతో అన్నారు: "నేనన్న, నువ్వు మోసినవ్ భాయ్. నువ్వే వాపస్ తేవాలె."

"జోకెట్ల వాపసొస్తది చాచా?"

"ఏడేడ చెప్పినవో ఆడాడ నా చెయ్యి సంగతి గూడ చెప్పు."

ఆ చేతి వేళ్లు మళ్లీ చాచుకోలేదు. ఆమె మళ్లీ ఆ ఇంటికి పోలేదు. చాచా దగ్గరే పని నేర్చి, ఆయనకు కుడిచెయ్యి అయింది. ఎవరైనా టీవీని గుద్దబోతే చాచా కేకేసేవారు: "కొట్టకు! లోపట అతుకూడింది. దెబ్బకు బొమ్మొస్తది గని, అతుకు ఇంకింత ఊడుతది." స్క్రూడ్రైవర్ కర్రపిడితో లోపల ఒక్కోచోట మెల్లగా తట్టి చూపేవారు. "గిది కొట్టుడు కాదు, అడుగుడు. ఏడ నొస్తున్నదని."

నేనూ ఊరూరా చెప్పాను. ఏం లాభం, జోకు బస్సెక్కి పోయేది, చాచా చెయ్యి సంగతి నడిచిపోయేది.

బస్టాండులో గ్లాసు దించి, "తమ్మీ, సగమే చెప్పినవ్" అన్నాను. మిగతాది నేను చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

తిరిగొచ్చి చూస్తే చాచా షట్టర్ సగం దించి ఉంది. లోపల, నెరిసిన తల వంచి, నుదుటి మీద పాత మచ్చతో ఆమె కూర్చుంది. చాచా సగంలో వదిలిన టీవీకి చెవి ఆనించి, ఆ కర్రపిడితో మెల్లగా తడుతోంది.