తప్పు రుచులు చెప్పిన మా వియ్యపురాలు

మా వియ్యపురాలు చనిపోయిన వార్త నాకు నాసిక్ మీదుగా వచ్చింది. ఆమె పోయింది వీర్నపల్లిలో. నేనుండేది కోరుట్లలో. మధ్యలో వేములవాడ, సిరిసిల్ల తప్ప చెప్పుకోదగ్గ ఊళ్ళు లేవు. అయినా మా కోడలు తల్లి మంచం పక్కన కూర్చొని మొదట ఫోన్ చేసింది నాసిక్‌లో ఉద్యోగం చేస్తున్న తన బిడ్డకు. ఆ పిల్ల, అంటే నా మనుమరాలు, ఏడ్చి, రైలు చూసుకొని, బట్టలు సర్దుకొని, ఆ తర్వాత నాకు చేసింది.

"బాపమ్మా, అమ్మమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"పొద్దుగాల."

అప్పటికి మధ్యాహ్నం దాటింది. పొద్దుటి నుంచి నేను శనగలు ఎండబోసి పురుగులు ఏరుకుంటున్నాను. ఈ సంగతి తెలియని చుట్టం లోకంలో నేనొక్కదాన్నే మిగిలి ఉంటాను.

పోయిన మనిషిని తలుచుకుంటూ ఫిర్యాదుతో మొదలుపెట్టడం పద్ధతి కాదని నాకు తెలుసు. బడిలో పిల్లలకు వ్యాసాలు దిద్దిన దాన్ని. కానీ ఆమె గురించి మర్యాదగా రాస్తే అది ఆమె గురించి రాసినట్టు కాదు. ఉన్నన్నాళ్ళు ఆమెను చూసి ఓర్వలేకపోయాను. ఇప్పుడు లేదన్నా ఓర్వలేకపోతున్నాను. మీరు ఇది మనసులో పెట్టుకొని చదవండి.

మావి రెండూ కల్లుగీత కార్మికుల కుటుంబాలే. మా నాయన నడుముకు మోకు వేసుకొని తాటిచెట్లెక్కి నన్ను చదివించాడు. నేను చిన్న బడిలో టీచరునై లెక్కలతో పాటు అన్నీ చెప్పాను. కల్లును ఇంటి గడప దాటనివ్వలేదు. మా వియ్యపురాలి భర్త కూడా తాళ్ళెక్కినవాడే. ఆయన చెట్టు మీది నుంచి పడి చనిపోయాక ఆమె వీర్నపల్లిలో కల్లు మండువ తానే నడిపింది. చెట్టు మీది నుంచి లొట్టి, అంటే కల్లుకుండ, దించగానే కొంచెం నోట్లో పోసుకొని చూసేది. చూసి, ప్రతి లొట్టికీ ఒక కథ చెప్పేది. "గీ చెట్టు నిన్న పక్క చెట్టుతోని కొట్లాడింది, అందుకే గింత పులుపు" అనేది. తాగేవాళ్ళు నవ్వి ఇంకో ముంత పోయించుకునేవాళ్ళు. ఆ కథల్లో ఒక్కటీ నిజం కాదు. ఆమెకు తాటికల్లుకూ ఈతకల్లుకూ తేడా తెలుసేమో గానీ, ఆ పైన చెప్పేదంతా అప్పటికప్పుడు అల్లినదే.

మా అబ్బాయి మస్కట్ పోయినప్పుడు మనుమరాలు ఇంకా చిన్నది. ఇక్కడ బోర్లు ఎండిపోయాయి, చేసిన అప్పు తీరే దారి కనబడలేదు, ఊళ్ళో సగంమంది పిల్లలు ఆ దారినే పోయారు, వీడూ పోయాడు. అక్కడ కంపెనీవాళ్ళు పాస్‌పోర్ట్ గుంజుకున్నారు. జీతం లేదు, తిరిగి రావడానికి వీల్లేదు. కోడలు తల్లిగారింట్లో బీడీలు చుట్టింది. పిల్ల చదువు నా దగ్గర, సెలవులు అమ్మమ్మ దగ్గర. న్యాయంగా చేసిన పంపకమే. కానీ బడి ఉన్న రోజులే ఎక్కువ కాబట్టి పిల్ల మనసులో నా వాటా ఎక్కువ ఉండాలి గదా? ఆ లెక్క ఎప్పుడూ కుదరలేదు. నేను ఎక్కాలు నేర్పించాను, దస్తూరి దిద్దించాను, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేశాను. వేసవి సెలవులు రాగానే అది బస్సు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపడం మరిచిపోయేది.

ఒకసారి సెలవుల మధ్యలో చెప్పకుండా వీర్నపల్లి పోయాను. మండువలో మా వియ్యపురాలు కాళ్ళు చాపుకొని కూర్చుంది. పిల్ల ఆమె ఒడిలో కూర్చొని లొట్టి మూతి మీద ముక్కు ఆనించి ఉంది.

"ఏమొస్తుంది బిడ్డ?"

"సీతాఫలం."

"ఇంకేమొస్తుంది?"

"మేకపిల్ల!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "పలక పట్టే పిల్లకు లొట్టి పట్టిస్తవా వదినె?" అన్నాను.

ఆమె కూర్చున్న చోటు నుంచి కదలలేదు. "పలక నువ్వు వట్టియ్యి. ముక్కు నేను వట్టిస్త. నాకు చదువు రాదాయె, ముక్కన్న ఉన్నది గద" అన్నది. అని, నాకు కూర్చోవడానికి తన కొంగుతోనే పీట తుడిచింది. ఆమె కొట్లాట పూర్తిగా సాగనిచ్చేది కాదు. అదొక కోపం నాకు.

మా అబ్బాయిని విడిపించడానికి జగిత్యాలలో ఏజెంటు ఇంటికి మేమిద్దరం కలిసి పోయాం. నేను అర్జీ రాసుకొని పోయాను. తప్పు లేదు, కొట్టివేత లేదు, ఏ ఊరు, ఏ కంపెనీ, ఏ తేదీ, అన్నీ ఉన్నాయి. ఏజెంటు భార్య తలుపు సగం తెరిచి "ఆయన లేడు" అన్నది. లోపల ఆయన దగ్గడం వినబడుతూనే ఉంది. నేను అర్జీ పట్టుకొని మెట్టు మీద నిలబడ్డాను. మా వియ్యపురాలు వాకిట్లో చతికిలబడి శోకం పెట్టింది. చచ్చినవాళ్ళ కోసం పెట్టే శోకం. "ఓ అల్లుడా, నువ్వు ఏ ఇసుకల వడ్డవో అల్లుడా" అని. వాడకట్టంతా గుమిగూడింది. ఏజెంటు బనీను మీదనే బయటికొచ్చి మస్కట్‌కు ఫోన్ కలిపాడు.

బస్సులో నేను అడిగాను, "బతికున్నోనికి శోకం వెడుతరా?"

"చచ్చినంక వెడితె ఎవనికి ఫాయిదా వదినె?" అన్నది. అని పల్లీల పొట్లం విప్పి సగం నా ఒళ్ళో పోసింది.

మా అబ్బాయి తిరిగొచ్చాడు. నా అర్జీ వల్ల వచ్చాడా, ఆమె ఏడుపు వల్ల వచ్చాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. వీర్నపల్లిలో, కోరుట్లలో, చివరికి మా ఇంట్లో కూడా అందరూ ఆమె ఏడుపే అంటారు. వచ్చినవాడు మాత్రం పోయినవాడు కాదు. మాట తక్కువైంది. చెట్లకు నీళ్ళు పోస్తాడు, కిరాణం కొట్టులో కూర్చుంటాడు, ఏదడిగినా "నీ ఇష్టం అమ్మా" అంటాడు. ఆ రోజే నేను నిర్ణయించుకున్నాను. మా ఇంట్లో దేశం దాటడం అయిపోయింది. ఇక ఎవ్వరూ పోరు.

మనుమరాలు హైదరాబాదులో హోటల్ కోర్సు చదివింది. నేను బ్యాంకు పరీక్షలు రాయమన్నాను. వినలేదు. చివరికి నాసిక్ దగ్గర ద్రాక్షతోటల కంపెనీలో వైను రుచి చూసే పనిలో చేరింది. ఆ పనికి ఇంటర్వ్యూలో "నీకు వాసనలు ఎవరు నేర్పిన్రు?" అని అడిగితే "మా అమ్మమ్మ" అన్నదట. ఎక్కాలు ఎవరు నేర్పారని మాత్రం ఎవరూ అడగలేదు.

పోయిన దసరాకు మా వియ్యపురాలు కూడా మా ఇంటికి వచ్చి ఉండగా పిల్ల రెండు సీసాలు తెచ్చింది. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఫ్రాన్స్‌లో బర్గండి అనే చోట చేసే పద్ధతిలో వాళ్ళ కంపెనీ చేసినవట. తెల్లది ఒకే రకం ద్రాక్షతో, ఎర్రది ఒకే రకం ద్రాక్షతో. వేరే పళ్ళు కలపరట. కల్తీ లేని పద్ధతి కాబట్టి నాకు ఆ మాట నచ్చింది. ఒక చెంచాడు చూడటానికి ఒప్పుకున్నాను. మందు తాగినట్టు చెంచాతోనే.

పిల్ల స్టీలు గ్లాసుల్లో పోసి ముందు వాసన చూడమన్నది. నోట్లో తిప్పి ఉమ్మేయాలని చెప్పింది.

"ఉమ్ముడా?" మా వియ్యపురాలు గ్లాసును గుండెకు ఆనించుకుంది. "పండు వెట్టి, ఏండ్లు కాపాడి చేసినదాన్ని ఉమ్ముతరా? కండ్లు పోతయి బిడ్డ!"

నేను నియమం ప్రకారం ఉమ్మేశాను. తెల్లది నోట్లో పెట్టగానే వెన్న కాచేటప్పుడు అడుగు మాడకముందు వచ్చే వాసన తగిలింది. ఎర్రది పలచగా ఉంది, వాన పడ్డాక పుట్టగొడుగు పీకితే వేలికి అంటుకునే మట్టి వాసన, వెనక నేరేడుపండు వగరు. చెప్పాను.

మనుమరాలు కళ్ళు పెద్దవి చేసింది. "బాపమ్మా, మస్తు కరెక్ట్! మా సార్లు గూడ గివే చెప్తరు."

ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఎన్నో ఏళ్ళకు నాకు రావలసిన మార్కులు నాకు వచ్చాయి. అది ఇంకో మాట అనేలోగా మా వియ్యపురాలు తన గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"తెల్లదేమో పెండ్లిల అలిగిన పెండ్లికొడుకు మేనత్త తీరు. పైకి నవ్వుతది, లోపల పులుపు. ఎర్రది మా వదినె. నోరంత గుంజుకపోతది గని గొంతు దిగినంక మంచిగనిపిస్తది."

మనుమరాలు నేల మీద పడి నవ్వింది. మా అబ్బాయి కూడా నవ్వాడు. మస్కట్ నుంచి వచ్చాక వాడు పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆ నవ్వు నేను తెప్పించి ఉంటే ఎంత బాగుండేది!

తర్వాత పిల్ల చున్నీతో మా కళ్ళకు గంతలు కట్టింది. నేను రెండూ సరిగ్గా చెప్పాను. ఆమె ఎర్రదాన్ని తెల్లదన్నది, తెల్లదాన్ని ఎర్రదన్నది. ఎర్రదాన్ని తెల్లది అన్నందుకు సిగ్గుపడిందా అంటే లేదు. "కండ్లు మూస్తే అన్ని నల్లయే గద బిడ్డ" అన్నది. అందరూ మళ్ళీ నవ్వారు. ఆ రోజు నేను తప్పు చెప్పలేదన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. నేను గుర్తు చేస్తున్నాను.

ఆ సాయంత్రమే పిల్ల అసలు సంగతి చెప్పింది. కంపెనీ దాన్ని ఆ బర్గండికే ఒక ఏడాది పని నేర్చుకోవడానికి పంపుతుందట. త్వరలోనే ఒప్పుకోవాలట. "బాపమ్మ ఊఁ అంటెనే పోత" అన్నది.

నేను అనలేదు. పాస్‌పోర్ట్ గుంజుకుంటే ఎవరు విడిపిస్తారన్నాను. కోడలు తల వంచుకుంది. అబ్బాయి "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. మా వియ్యపురాలు మాత్రం నవ్వు ఆపి నా ఎదురుగా కూర్చుంది.

"వదినె, నీ కొడుకును అప్పు తోలింది. పిల్లను పని పిలుస్తున్నది. తోలుడు, పిలుసుడు ఒక్కటేనా? పోనియ్యి."

"నీకేం, చెప్తవు. పోయినంక ఏడ్చి రప్పియ్యొచ్చనుకుంటున్నవా?" అన్నాను.

అది మా మధ్య చివరి మాట. ఆమె మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. ఎప్పుడూ పోయేటప్పుడు "పోయొస్త వదినె" అని నా చెయ్యి పట్టుకునేది. ఆ రోజూ పట్టుకుంది. మాట మాత్రం లేదు. వారాలు గడిచాయి. పిల్ల నన్ను మళ్ళీ అడగలేదు. దాని ఫోన్ మాటల్లో అంతకుముందున్న వేగం తగ్గింది.

ఆమె పోయిన మూడో రోజు వీర్నపల్లిలో పిట్టకు పెట్టడానికి చెరువు కట్ట కిందికి పోయాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడటం మా దగ్గర ఆనవాయితీ. అన్నం, మేకకూర, ఆమె మండువ కల్లు పెట్టారు. మనుమరాలు నాసిక్ నుంచి తెచ్చిన తెల్లది, ఎర్రది రెండు మోదుగాకు దొప్పల్లో పోసి పక్కన పెట్టింది. ఆ రెండు సీసాలు నా చేతికిచ్చింది.

కాకి తుమ్మచెట్టు మీద కూర్చుంది. కిందికి దిగదు. ఎండ ఎక్కుతోంది.

"మనసుల ఏమో వెట్టుకున్నది. మాటియ్యుండ్రి" అన్నది ఒక ముసలామె.

మా వియ్యపురాలి కొడుకు చేతులు జోడించి "అవ్వా, చెల్లెను మంచిగ చూసుకుంట" అన్నాడు. కాకి మెడ తిప్పి చెరువు వైపు చూసింది. మా కోడలు "అమ్మా, మండువ బందు వెట్టం" అన్నది. దిగలేదు. అప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ మాట మిగిలిందో అందరికీ తెలుసు. నా మొహం మాత్రం ఎవరూ చూడలేదు. మనుమరాలు నేలను చూస్తూ నిలబడింది. దాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

ఆమె కొడుకు గొంతు సవరించుకొని "అవ్వా, పిల్లను పరదేశం..." అని మొదలుపెట్టాడు.

"ఆగు" అన్నాను. "పిల్లను పెంచింది నేను. మాట నువ్వెట్ల ఇస్తవు?"

కాకులు ఎందుకు దిగుతాయో, ఎందుకు దిగవో నాకు తెలుసు. పిల్లలకు సైన్సు పాఠం కూడా చెప్పిన దాన్నే. కానీ ఇవ్వాల్సిన మాట నాదైనప్పుడు మరొకరి నోటి నుంచి అది పోతే నేను భరించలేను. విస్తరి ముందుకు పోయి నిలబడ్డాను. చనిపోయిన మనిషితో ఏ స్వరంతో మాట్లాడాలో తెలియలేదు. బడిలో హాజరు పిలిచిన గొంతే వచ్చింది.

"వదినె, పిల్లను పంపిస్త. నేనే దగ్గరుండి విమానమెక్కిస్త. నీ..."

నా మాట పూర్తి కాలేదు. నల్లటిది ఒకటి నా భుజం పక్క నుంచి దిగి విస్తట్లో వాలింది. చుట్టూ ఆడవాళ్ళు ఒక్కసారి ఘొల్లుమన్నారు. నేను వెనక్కి తిరిగి మనుమరాలి కోసం చేతులు చాపబోయాను. అది నా పక్క నుంచే పరుగెత్తి పోయి, విస్తరికి కొంచెం ఎడంగా మోకాళ్ళ మీద కూలబడి, "అమ్మమ్మా, అమ్మమ్మా" అని ఏడుస్తూ, నవ్వుతూ రెండు చేతులు జోడించింది.

మాట ఇచ్చింది నేను. పిల్ల మొక్కింది కాకికి.

కాకి బెదరలేదు. మేకకూర వదిలేసి దొప్పల దగ్గరికి గెంతి, ఒకదాంట్లో ముక్కు ముంచి తల పైకెత్తింది. నేను చేతికొక సీసా పట్టుకొని వాళ్ళిద్దరి వెనక నిలబడ్డాను.