ఖాళీ గ్లాసులో మిగిలే వాసన

బెజవాడలో బ్రాందీ మంచిచెడ్డలు చెప్పడంలో మా నాన్నను మించినవాడు లేడని పేరు. ఆయన జన్మలో ఒక్క గుక్క కూడా తాగలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెబితే జనం నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి, నేను కళ్ళారా చూసిందే రాస్తున్నాను.

నాన్న తెల్లదొరల క్లబ్బులో బట్లరు. సీసాల గది తాళంచెవి ఆయన మొలలోనే ఉండేది. మేము క్రైస్తవులం. తాగనని చిన్నప్పుడే గుడిలో మాటిచ్చాడు కాబట్టి, నాలుకకు తాకించిన చుక్కను కూడా బేసిన్‌లో ఉమ్మేసి మూడుసార్లు పుక్కిలించేవాడు. అయినా సంఘపెద్దలు గుచ్చిగుచ్చి అడుగుతూనే ఉండేవాళ్ళు. "గొంతు దిగలేదు కదండీ," అని ఊరుకునేవాడు.

ఆయన పద్ధతి ఇది. గ్లాసు అడుగున కాస్త పోసి అరచేతిలో పెట్టుకుని వెచ్చబడనిస్తాడు. దాన్ని ముక్కుకు ఆనించడు, గడ్డం దగ్గరే ఆపుతాడు. మరీ దగ్గరికి తెస్తే సారా ఘాటు ఒక్కటే తగులుద్దని అనేవాడు. ఆ తర్వాత గ్లాసు ఒంపేసి, కడక్కుండా, సాసరు మూతపెట్టి వదిలేస్తాడు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున. ఫ్రాన్సు నుంచి వచ్చిన పాత కోన్యాక్ బ్రాందీ అయితే ఖాళీ గ్లాసులో కూడా వాసన నిలిచి ఉంటుంది. రంగు కలిపిన నాటుసరుకైతే మాడిన బెల్లం తప్ప ఏమీ మిగలదు.

యుద్ధం వచ్చి ఫ్రెంచి సరుకు ఆగిపోయాక ఈ విద్యకు గిరాకీ పెరిగింది. వ్యాపారులు ఖాళీ ఫ్రెంచి సీసాలు సంపాదించి, నాటు బ్రాందీ నింపి, కొత్త బిరడాలు బిగించి అమ్మేవాళ్ళు. నాన్న తల ఊపితేనే క్లబ్బు సెక్రటరీ దొర కొనేవాడు. సీసా మీది చీటీని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

అలాంటి రోజుల్లో నాన్నకు టైఫాయిడ్ వచ్చింది. మనిషి దక్కాడు గాని ముక్కు పోయింది. ఆ సంగతి ముందు కనిపెట్టింది నేనే. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, మిషన్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం అమ్మ ఎండుచేపలు వేయిస్తుంటే నాన్న ఇంట్లోకి వచ్చి, "ఇవాళ ఏం కూర?" అని అడిగాడు.

"వాసన మన పటమట పేట మొత్తానికి తెలిసింది, నీకు తెలియలేదా నాన్నా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, కళ్ళనీళ్ళ పర్యంతమై, "మీ అమ్మకి చెప్పకే, బెంగపెట్టుకుంటుంది," అన్నాడు.

ఆ రోజు నుంచి నాన్నకు నేనే ముక్కునయ్యాను. పరీక్షకు వచ్చిన సరుకును మందుసీసాల్లో పోసుకుని ఇంటికి తెచ్చేవాడు. నేను వాసన చూసేదాన్ని. బాగుందా లేదా అని ఎప్పుడూ అడిగేవాడు కాదు. "ఏం గుర్తొస్తోంది?" అనేవాడు. నేను కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి చెప్పేదాన్ని. ఎండుద్రాక్ష అనో, ఆరబెట్టిన పొగాకు అనో, వార్నిష్ అనో. ఆ మాటను బట్టి అది ఎంత పాతదో, ఎంత విలువ చేస్తుందో ఆయన తేల్చేవాడు. "ఇంకా ఎంతసేపే, పెళ్ళిచూపులా?" అని మధ్యలో విసుక్కునేవాడు.

ఒకసారి తెల్లవారి ఖాళీ గ్లాసు మీది సాసరు తీసి, "అమ్మ పెట్టె తెరిచినట్టుంది," అన్నాను. అమ్మకు పుట్టింటివాళ్ళిచ్చిన టేకుపెట్టె ఉండేది. పెళ్ళిచీర, బైబిలు, చీరమడతల్లో వట్టివేళ్ళు. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన చేతిమీదుగా వెళ్ళిన సరుకంతటిలోనూ అంత పాతది మరొకటి లేదట. ఆ తర్వాత ప్రతి గ్లాసుకూ, "మీ అమ్మ పెట్టె ఉందా?" అని అడగడం అలవాటైంది. వంటింట్లోంచి అమ్మ, "నా పెట్టె జోలికెందుకండీ మీరిద్దరూ?" అనేది.

తర్వాతి చలికాలంలో అమ్మకు న్యుమోనియా పట్టుకుంది. గుండె బలహీనంగా ఉందని, మంచి బ్రాందీ దొరికితే వేణ్ణీళ్ళలో చెంచాడు చొప్పున పట్టమని, నాటుది మాత్రం వద్దని డాక్టరుగారు చెప్పారు. ఇన్నేళ్ళూ ఊరందరి బ్రాందీ పరీక్షించిన మనిషికి తన ఇంటికి కావలసివచ్చేసరికి క్లబ్బులో ఒక్క మంచి సీసా మిగల్లేదు. కంకిపాడులో ఒక వ్యాపారి దగ్గర యుద్ధానికి ముందటి ఫ్రెంచి సీసా ఉందని ఎవరో చెప్పారు.

నేను వెంట వెళ్ళాల్సింది. అమ్మ నా చెయ్యి వదల్లేదు. "అక్కడ ఎలా పరీక్షిస్తావు నాన్నా?" అని మెల్లగా అడిగాను. ముక్కుమీదే ఉంటుంది ఆయన కోపం. "సీసా చూసి చెప్పలేననుకున్నావా?" అని కసిరి, బొగ్గుతో నడిచే బస్సెక్కి వెళ్ళాడు. సాయంత్రానికి సీసాతో వచ్చాడు. పొద్దున వెళ్ళేటప్పుడు చేతికున్న గడియారం లేదు.

బిరడా, లక్క, చీటీ అన్నీ సరిగ్గానే ఉన్నాయని గర్వంగా చూపించాడు. బిరడా తియ్యగానే నాకు మాడిన బెల్లం వాసన కొట్టింది. నాన్న నా మొహంలోకి చూశాడు. అమ్మ ఉన్నదని పైకి అడగలేకపోయాడు. నేను అప్పుడే తల అడ్డంగా ఊపాల్సింది. ఊపలేకపోయాను. అమ్మ అప్పటికే నోరు తెరిచి ఉంది. నాన్న తన చేత్తోనే చెంచాడు నోట్లో పోశాడు.

"వెచ్చగా ఉందండీ," అంది అమ్మ. కాసేపటికి, "పాస్టరుగారికి చెప్పకండేం," అని నవ్వబోయింది, దగ్గొచ్చింది.

మూడు రోజులు పట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ పోయింది. ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయని, ఏ బ్రాందీ అయినా నిలబెట్టేది కాదని డాక్టరుగారు నాతో అన్నారు. ఆ మాట ఈనాటికీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. సగమే నమ్ముతాను.

సాయంత్రం సమాధి చేసి వచ్చాం. మర్నాడు పొద్దున నేను లేచేసరికి నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద అమ్మకు ఆఖరిసారి కలిపిన గ్లాసు. దాని మీద సాసరు మూత. అలవాటు కొద్దీ పెట్టాడో, కావాలనే పెట్టాడో నాకు తెలియదు.

"చూడమ్మా," అన్నాడు. "ఏం గుర్తొస్తోంది?"

సాసరు పూర్తిగా ఎత్తకుండానే, "అమ్మ పెట్టె తెరిచినట్టుంది నాన్నా," అన్నాను.

ఆయన సాసరు వైపూ, నా వైపూ చూశాడు. గ్లాసు తీసుకుని, పాత అలవాటు ప్రకారం గడ్డం దగ్గర పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "సరే తల్లీ," అని లేచి వెళ్ళి, ఆ గ్లాసును తనే కడిగి బోర్లించాడు.

మరుసటి వారం క్లబ్బుకు వెళ్ళి, తన ముక్కు పోయి చాలా కాలమైందని సెక్రటరీ దొరకు చెప్పేసి, తాళంచెవి ఇచ్చి వచ్చాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్ళు దాచుకొచ్చాం కదా, నేనున్నాను కదా, ఎందుకిలా చేశావని నిలదీశాను.

నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. "ఇంక నీ ముక్కు కూడా నాకు పనికిరాదమ్మా," అన్నాడు.