నా పక్క సీట్లో కూర్చున్న రేసర్

మా పక్కింటి మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే ఆయన భార్య చెప్పులు కూడా లేకుండా మా వాకిట్లోకి వచ్చింది. నా చేతిలో ఉన్న కారు తాళాలు తీసుకుని బల్ల మీద పెట్టింది. కడుపులో కాన్సర్‌తో ఏడాదిగా బాధపడుతున్న మనిషి, ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన కబురే. అయినా ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేకపోయాను.

మన సంఘం పత్రికలో ఒక జపాన్ మోటార్‌సైకిల్ రేసర్ గురించి ఈవిడ గోలేమిటి అనుకునేవాళ్ళు ఉంటారు. ఆయన తెలుగువాడు కాదు, మన ప్రార్థన కూటానికి ఒక్కనాడూ వచ్చినవాడూ కాదు. కానీ ఈ చాండ్లర్‌లో మీలో సగం మందిని ఎప్పుడో ఒకప్పుడు నా కారులో ఇంటి దగ్గర దింపాను. ఆ కారు నడపడం నాకు నేర్పింది ఆయన. మాస్టారు అనే పిలుపు అలా వచ్చింది.

మేం అమెరికాలోని ఈ ఊరికి వచ్చింది డెబ్భైలు ముగుస్తున్న రోజుల్లో. మా వీధి చివర పత్తి చేలు మొదలయ్యేవి. బస్సు అనేది లేదు. గుంటూరులో నర్సుగా చేసినదాన్ని కనుక ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. అయితే కారు లేకుండా ఎలా వస్తావని అడిగారు. మావారు నేర్పడానికి పూనుకున్నారు. నేర్పడం తక్కువ, అరవడం ఎక్కువ. ఒక ఆదివారం నేను మన దేశం అలవాటు కొద్దీ రోడ్డుకి ఎడమ పక్కకి పోయి, ఎదురుగా వచ్చే ట్రక్కువాణ్ణే తప్పుకోమన్నాను. మావారు కారు దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. కాలికి పిండికట్టుతో తన వరండాలో కూర్చున్న మాస్టారు ఇదంతా చూశారు.

ఆయన జపాన్‌లో హమామత్సు అనే ఊళ్ళో ఒక కంపెనీ కొత్త మోటార్‌సైకిళ్ళను నడిపి చూసే ఉద్యోగంతో మొదలుపెట్టారట. అక్కడి రేసుల్లో గెలుస్తుంటే కంపెనీ అమెరికా పంపింది. మొదటి రెండు సీజన్లూ కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా ఎక్కడ పరుగెత్తినా ఆయన బండి ముందు వరసలో ఉండేది. ఏడాది పొడుగునా వానలేని ఊరు, ప్రాక్టీసుకి బాగుంటుందని భార్యనూ పసిదాన్నీ తీసుకుని చాండ్లర్ చేరారు. మూడో సీజన్‌లో పడ్డారు, కాలు విరిగింది. గెలిచిన కప్పులు లాండ్రీ గదిలో ఉండేవి. అందరికన్నా పెద్ద కప్పులో ఆయన భార్య బట్టల క్లిప్పులు వేసుకునేది.

మావారు కారు దిగిపోయిన మర్నాడు మాస్టారు చంకకర్రలతో మా కారు దగ్గరికి వచ్చి, "నేనూ ఎడమ పక్కన నడిపే దేశం వాణ్ణే. కూర్చోండి" అన్నారు. ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు టైర్లనూ చేత్తో తాకేవారు, ఆ తర్వాతే ఎక్కేవారు. పక్క సీట్లో రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చునేవారు. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. చూపు ఎటుంటే బండి అటే పోతుంది, గోతిని చూడకండి, దారిని చూడండి అనేవారు. వేగం ఎవరికైనా వస్తుందట, ఆగడమే చదువట. "భయమేస్తే ముందే బ్రేక్ వేయండి. సిగ్గుపడకండి" అని రోజూ చెప్పేవారు. పెద్ద రేసరే కానీ నా పక్కన కూర్చున్నంతసేపూ బాగున్న కాలితో లేని బ్రేక్ తొక్కుతూనే ఉండేవారు. నాకు లైసెన్స్ వచ్చేసరికి ఆయన వైపు మ్యాట్ అరిగిపోయింది.

కాలు బాగయ్యాక మళ్ళీ రేసులకు వెళ్ళారు. ఆ ఏడు గెలిస్తేనే కాంట్రాక్టు పొడిగిస్తామని కంపెనీ చెప్పింది. ఆయనకు వేరే పని తెలియదు, వేరే ఇష్టమూ లేదు. గుమ్మం దాటేటప్పుడు మనలాగే జపాన్ వాళ్ళూ 'వెళ్తాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. అలా చెప్పి వెళ్ళిన మనిషి కాలిఫోర్నియా రేసు నుంచి తిరిగొచ్చిన సాయంత్రం బ్యాగు పక్కన పెట్టుకుని తన ఇంటి మెట్ల మీదే కూర్చుండిపోయారు. నేను డ్యూటీ నుంచి కారులో వచ్చి ఆయన్ని చూసి ఏమైందని అడిగాను.

"ఒక మలుపులో ఎప్పుడూ వేసే చోటికన్నా ముందే బ్రేక్ వేశాను. ఎవరూ చూడలేదు. నేను చూశాను" అన్నారు.

మామూలు మనిషికి అది జాగ్రత్త. రేసర్‌కి అది ముగింపు. ఆ వారమే కంపెనీకి ఫోన్ చేసి, ఇక నడపనని తనే చెప్పేశారు. మావారు సరదాకి, రేసర్‌ని నువ్వే రిటైర్ చేయించావు అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఉండబట్టలేక ఒకరోజు ఆయన్నే అడిగాను, నాతో తిరిగి తిరిగి మీకు బ్రేక్ అలవాటైందా అని. ఆయనకు మొహమాటానికి అబద్ధం చెప్పడం రాదు.

"అయి ఉండొచ్చు. బండి మీద నాకు దారి ఒక్కటే కనపడేది. మీ పక్కన కూర్చున్నాక దారి పక్క గోడలు కనపడటం మొదలైంది."

ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాత ఆయన ఖాళీ పార్కింగ్ లాట్లలో కుర్రాళ్ళకు బండి నేర్పుతూ బతికారు. కూతుర్ని రోజూ స్కూల్లో దింపేవారు. అయినా టీవీలో రేసు వస్తుంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు.

శనివారం ఊరవతల దహనం. తననూ కూతుర్నీ నా కారులో తీసుకెళ్ళమని ఆయన భార్య అడిగింది. నేను నడపలేనన్నాను. ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నదీ అనేశాను, నా వల్లే ఆయన ఆట పోయిందేమోనని. ఆమె నా చేతులు పట్టుకుంది.

"ఆయనకి ఆ గోడలు కనపడకపోయుంటే నాకు ఈ ఏళ్ళు లేవు. నువ్వే నడుపు. నెమ్మదిగా నడుపు."

ఆయనతో పోటీపడినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో మోటార్‌సైకిళ్ళ మీద వచ్చారు. ఒకరికి వేళ్ళు వంకర, ఒకరికి నడక వంకర. ముందు ఆయన్ని తీసుకెళ్ళే నల్ల కారు, దాని వెనక నేను, నా వెనక వాళ్ళంతా. అంత నెమ్మదిగా పోతే మోటార్‌సైకిల్ నిలబడదు. అద్దంలో చూశాను. వేగానికి పేరుపడ్డ అంతమంది, బళ్ళు తూలిపోతుంటే బూట్లు నేలకి ఆనించి ఈడ్చుకుంటూ, కొత్తగా నేర్చుకునేవాళ్ళలా తడబడుతూ వస్తున్నారు. పక్కన రోడ్డంతా ఖాళీగా ఉంది. ఒక్కరూ నన్ను దాటలేదు.