వీపు చూసి చెప్పే మనిషి

పదమూడో ఏట బడిలో ఆటల మాస్టారు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, ముందుకు వంగి కాలివేళ్ళు ముట్టుకోమన్నారు. వరస వెంట నడుస్తూ వచ్చి అతని వెనక ఆగిపోయారు.

"ఒరేయ్, నీ వీపేంట్రా ఒక పక్కే గుట్టలా లేచింది?"

అలా తెలిసింది. నిటారుగా ఉండాల్సిన వెన్నెముక పక్కకు వంగి, కాస్త మెలి కూడా తిరిగింది. కుడివైపు పక్కటెముకలు వెనక్కి పొడుచుకొచ్చాయి, ఎడమవైపువి లోపలికి పోయాయి. ఎందుకిలా అయిందని వాళ్ళమ్మ అడిగితే, "చాలామందిలో కారణం తెలియదమ్మా, మీ తప్పేం లేదు" అన్నాడు డాక్టరు. ఆవిడ చచ్చేదాకా ఆ మాట నమ్మలేదు.

మూడేళ్ళు చంకల నుంచి తుంటి దాకా ప్లాస్టిక్ బ్రేసు కట్టుకుని తిరిగాడు. ఎదుగుదల ఆగాక బ్రేసు తీసేశారు కానీ వంకర ఉండిపోయింది. చదువు ముగించి కళ్ళజోళ్ళ దుకాణంలో చేరాడు. దుకాణం వెనక గదిలో యంత్రం ముందు కూర్చుని, ఫ్రేముకు సరిపోయేలా అద్దాల అంచులు అరగదీయడం అతని పని. పని మీద పేరొచ్చింది, నడుము మీద నొప్పొచ్చింది. అక్కడి నుంచి వైద్యుల చుట్టూ ప్రదక్షిణ మొదలైంది. ఎవరి దగ్గరికెళితే వాళ్ళు మిగతావాళ్ళని కొట్టిపారేసేవాళ్ళు. మర్దనా చేసేవాడు వ్యాయామాలు దండగన్నాడు. వ్యాయామాలు నేర్పినాయన నొప్పికి కట్టుకునే మెత్తని బ్రేసు పారేయమన్నాడు. ఒక సర్జనైతే ఇవన్నీ కాలక్షేపం అని తేల్చేశాడు.

ఈ గోలంతా సర్దింది అతని భార్య. ఆవిడ బడిలో లెక్కల టీచరు. పెళ్ళికి ఆవిడ తల్లి అసలు ఒప్పుకోలేదు. "నిటారుగా నిలబడలేనివాడు రేపు సంసారమేం నిలబెడతాడే?" అందట. కూతురు వినలేదు. కాపురానికి వచ్చిన రెండో నెలలోనే ఒక తెల్ల కాగితం తీసుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని, ఒక్కో వైద్యుడి దగ్గరికీ వెళ్ళింది. అందర్నీ అడిగింది ఒకటే: "ఇది చేస్తూ అది చేయొచ్చా? ఏది ముందు, ఏది తర్వాత?" నలభై రోజుల్లో వెన్ను తిన్నగా చేసిపెడతానని మర్దనా మనిషి అంటుండగానే లేచి నిలబడింది. "పదండి, ఇక్కడ మనకి పనిలేదు."

చివరికి కాగితం మీద అయిదు మిగిలాయి. పొద్దున్నే ఊపిరితో చేసే వ్యాయామం. వారానికి రెండుసార్లు ఈత. సాయంత్రం కాపడం. పని మరీ ఎక్కువున్న రోజు కొన్ని గంటలు మెత్తని బ్రేసు. మరీ తట్టుకోలేకపోతే మాత్ర. "వంకర పోదు. పెరగకుండా కాచుకోవడం, నొప్పి తగ్గించుకోవడం, అదీ మనం చేయగలిగింది" అన్నారు ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో. అబద్ధం చెప్పనందుకు ఆవిడకి వాళ్ళ మీద గురి కుదిరింది.

వ్యాయామానికి ఇంకొకరు కావాలి. అతను చాప మీద మఠం వేసుకుని, తల పైకి లాగుతూ కూర్చుంటే, ఆవిడ వెనక కూర్చుని లోపలికి పోయిన ఎడమ పక్కటెముకల మీద చెయ్యి పెట్టేది. ఆ చేతిని నెట్టేటట్టు ఊపిరి తీసుకోవాలి. ఎవరి వీపు వాళ్ళకి కనపడదు కదా. సరిగ్గా వచ్చిందో లేదో ఆవిడే చెప్పాలి. పన్నెండేళ్ళు చెప్పింది.

కిందటేడు ఒక మంగళవారం, బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ పడిపోయింది. అతను వెళ్ళేసరికే అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు.

అతను ఏడవలేదు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. ధైర్యస్తుడని జనం చెప్పుకున్నారు. ధైర్యం కాదది. పన్ను పీకే ముందు పొడిచే మత్తుసూది ఒళ్ళంతటికీ పట్టినట్టుంది. తాకితే తాకినట్టు తెలుస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. ముందు ఈత మానేశాడు. తర్వాత కాపడం. వ్యాయామం ఎటూ ఒక్కడివల్ల కాదు. బ్రేసు అలమారు మీదికెక్కింది.

ఇంట్లో ఇక అతనూ, అత్తగారూ. తుంటి ఆపరేషనయ్యాక ఆవిడ కూతురి దగ్గరికి వచ్చి ఉండిపోయింది. కూతురు పోయినా ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళమని అతనూ అనలేదు. ఇద్దరి మధ్యా పాలు, గ్యాసు, తాళంచెవి తప్ప మాటలుండేవి కావు.

పదో నెలలో, దుకాణంలో ఒక చిన్నపిల్ల కళ్ళజోడు అద్దం అరగదీస్తుండగా నడుము పట్టేసింది. లేవలేడు, కూర్చోలేడు. యజమానీ, కౌంటరు దగ్గరి అమ్మాయీ కలిసి ఫ్రేముల పెట్టెల మధ్య నేల మీద పడుకోబెట్టారు. కౌంటరమ్మాయి బిక్కచచ్చిపోయి, "అంకుల్, మీకేం కాదు, మీకేం కాదు" అంటోంది. పైకప్పు వంక చూస్తూ అతను అనుకున్నదల్లా ఒకటే, ఎడమ అద్దం సగంలో ఉండిపోయిందని.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. రెండేళ్ళ క్రితం నలభై ఒక్క డిగ్రీలున్న వంపు నలభై అయిదుంది.

"కొలవడంలోనే అంత తేడా రావచ్చు, కాబట్టి పెరిగిందని గట్టిగా చెప్పను" అన్నాడు డాక్టరు. "కానీ కండరాలు బాగా బలహీనపడ్డాయి. అన్నీ ఆపేశారా?"

"ఆపేశాను."

"ఆపరేషన్ మాట ఇప్పుడెత్తను. ఆపినవన్నీ మళ్ళీ మొదలుపెట్టండి. ఆరునెలలకి చూద్దాం."

పక్కింటివాళ్ళ సంగతి విన్నట్టు విని తలూపాడు.

ఫిజియోథెరపీలో ఈసారి కొత్తమ్మాయి ఉంది. పాత ఫైలు తిరగేస్తుంటే ఆ కాగితం బయటపడింది. "ఇదెవరు రాశారండీ? మేమైనా ఇంత వివరంగా రాయం."

"మా ఆవిడ."

"ఈసారి ఆవిడనీ తీసుకురండి. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఒకసారి సరిచూస్తాను."

"పోయింది. పది నెలలైంది."

ఆ అమ్మాయి ఫైలు మూసేసింది. నిద్ర పడుతోందా, తింటున్నారా అని అడిగింది. నొప్పీ దిగులూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయని చెప్పి, వ్యాయామాలతోపాటు కౌన్సెలరు పేరు కూడా రాసిచ్చింది. "ఇంట్లో సాయం పట్టేవాళ్ళు ఇంకెవరూ లేరా?"

"అత్తగారున్నారు" అన్నాడు. అని, ఆ సంగతి అక్కడే వదిలేశాడు.

ఇంటికొచ్చి, వెంట తెచ్చుకున్న ఆ కాగితం భోజనాల బల్ల మీద పెట్టాడు. మర్నాడు అత్తగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని కనిపించింది.

"ఇది దాని రాత. 'ఎడమ, రెక్క ఎముకకి నాలుగు వేళ్ళు కింద' అని ఉంది. అంటే ఏంటి అల్లుడుగారూ?"

అతను చెప్పాడు. తర్వాతి రోజు ఆరింటికి లేచి వచ్చేసరికి హాల్లో చాప పరిచి ఉంది. వెనకగా కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కూర్చుని ఉంది.

"కూర్చోండి."

"మీకెందుకత్తయ్యా శ్రమ..."

"కూర్చోండి అన్నాను."

అత్త అల్లుడి వీపు మీద చెయ్యి ఎలా వేస్తుంది? ఆ చిక్కు ఆవిడే విప్పింది. కర్రకి అడుగున రబ్బరు బిళ్ళ ఉంది. దాన్ని శుభ్రంగా కడిగి తుడిచింది. నాలుగు వేళ్ళు గాల్లోనే కొలిచి, బనీను మీద మెల్లగా ఆనించింది.

"ఇక్కడేనా?"

"ఇంకొంచెం పైకి."

"ఊపిరి తీసుకోండి. ఊహూఁ, కర్ర కదల్లేదు. మళ్ళీ. మళ్ళీ. ఆఁ, ఇప్పుడు కదిలింది."

సంగతి విని ఫిజియో అమ్మాయి పడీపడీ నవ్వింది. గట్టిగా నొక్కనంతవరకు కర్రైనా పరవాలేదంది.

ఆవిడ కూతురికంటే కఠినం. పది అయ్యాయండీ అంటే, "ఏడే. మూడు దొంగవి, లెక్కలోకి రావు" అనేది. ఈతకి వెళ్ళనన్న రోజు తువ్వాలు గుమ్మానికి తగిలించి, తలుపు దగ్గరే నిలబడేది. కౌన్సెలరు దగ్గర అతను నాలుగుసార్లు ఊరికే కూర్చుని వచ్చాడు. అయిదోసారి, బోర్డు మీద సగంలో ఆగిపోయిన లెక్క ఏమిటో ఎవరూ తనకి చెప్పలేదని అన్నాడు. ఆపైన ఇంకో పావుగంట మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఇంటికొచ్చాక గుర్తులేదు.

ఒకరోజు పొద్దున్న, కర్ర ఆనించి ఉండగానే ఆవిడ అడిగింది. "ఇది చేసేటప్పుడు మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఎక్కువగా మీ గురించే."

"ఏమనేది?"

"మీ అంత మొండిమనిషి ఇంకెవరూ లేరని."

కర్ర వీపు మీంచి పక్కకి జారింది. ఆవిడ మళ్ళీ నాలుగు వేళ్ళు కొలిచి ఆనించింది. అతను వెనక్కి తిరగలేదు. తిరిగితే బాగుండేదని మధ్యాహ్నం దుకాణంలో అనిపించింది, అదీ కాసేపే.

ఆరునెలలకి ఎక్స్‌రేలో నలభై నాలుగు వచ్చింది. నిలకడగా ఉందన్నాడు డాక్టరు. నొప్పి ఎంతుందని అడిగితే పదికి మూడన్నాడు. మరి మనసు సంగతేమిటని అడిగితే, దానికి అంకె చెప్పడం తెలీదన్నాడు. డాక్టరు మళ్ళీ ఏడాదికి రమ్మని రాసిచ్చాడు.

బయటికొచ్చి అత్తగారికి ఫోను చేశాడు. "నలభై నాలుగత్తయ్యా. పెరగలేదు."

"తగ్గినట్టా?"

"తగ్గినట్టు కాదు. అక్కడే ఉన్నట్టు."

"సరే. పాలు లేవు, వచ్చేటప్పుడు తెండి" అని ఆవిడ పెట్టేసింది.

బస్సెక్కి దుకాణానికి వెళ్ళాడు. ఆ రోజుకి పదకొండు జతలున్నాయి. బ్రేసు పట్టీ బిగించుకుని, మొదటి అద్దం యంత్రంలో పెట్టాడు.